చిప్పింగ్ హ్యామర్: దెబ్బ పెంచాలా, వెనక్కి తన్నడం తగ్గించాలా?

విభాగం: యంత్రాలు, పనిముట్లు

#1 బాలానగర్ లేత్

అందరికీ నమస్తే. మాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు. ఇన్నాళ్ళూ గాలితో నడిచే సుత్తులకు పిస్టన్లు, బుష్‌లు (అరుగుదల తీసుకునే లోపలి గొట్టాలు), రిటైనర్లు (ఉలి జారిపోకుండా పట్టే భాగాలు) చేసి ఇస్తున్నాం. ఇప్పుడు చిప్పింగ్ హ్యామర్ (గాలి బలంతో ఉలిని కొట్టే సుత్తి) మొత్తం మేమే తయారు చేసి అమ్మాలనుకుంటున్నాం. ఫౌండ్రీల్లో కాస్టింగ్ (పోత ముక్క) మీద మిగిలిన రైజర్ మొదళ్ళు (అదనంగా పోసిన లోహం మొండేలు), అంచుల ఫిన్నులు కొట్టేసే రకం.

బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 28 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 50 మి.మీ., పిస్టన్ 300 గ్రాములు, గాలి 6 బార్. నిమిషానికి 2400 దెబ్బల దాకా వస్తోంది. మొత్తం బరువు 6 కిలోల లోపే.

కొనేవాళ్ళందరిదీ ఒకటే మాట, "దెబ్బ ఇంకా గట్టిగా పడాలి" అని. బోరు, స్ట్రోక్ ముట్టుకోకుండా పిస్టన్ బరువు 450 గ్రాములు చేద్దామని ఉంది. లోపలి డిజైన్ తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది పని చేస్తుందా? ఇంకేం మార్చాలి?

#2 జీడిమెట్ల ఫౌండ్రీ

అన్నా, కొనేది స్టోర్స్ వాళ్ళు, వాడేది ఫెట్లింగ్ షాపులో (పోతలను శుభ్రం చేసే చోట) మా పిల్లలు. ఇద్దరినీ వేర్వేరుగా అడగండి. మా షాపులో ఎవరూ "దెబ్బ చాలట్లేదు" అనరు. "వెనక్కి తంతోంది" అంటారు. షిఫ్టు దిగాక టీ గ్లాసు పట్టుకుంటే టీ అంచు దాటి ఒలుకుతుంది, చేయి అంత వణుకుతుంది. వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా బొత్తాం పెట్టుకోలేని వాళ్ళున్నారు. కొత్తగా చేరినవాళ్ళు కొన్నాళ్ళకే గ్రైండింగ్‌కు మార్చమని బతిమాలతారు.

కుడిచేతిలో హ్యాండిల్, ఎడమచేతిలో ఉలి. ఆ ఎడమచేతి గురించి ఏ కంపెనీ కేటలాగులోనూ ఒక్క ముక్క ఉండదు. మీరు కొత్తగా చేస్తున్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి.

#3 గాలిగది

లేత్ గారూ, పిస్టన్ బరువు పెంచితే దెబ్బ శక్తి పెరగదు. లెక్క చూడండి.

పిస్టన్‌కు వచ్చే శక్తి అంటే గాలి దాని మీద చేసే పని: ఒత్తిడి × బోరు వైశాల్యం × స్ట్రోక్. ఇందులో పిస్టన్ బరువు ఎక్కడా లేదు. 28 మి.మీ. బోరు వైశాల్యం 616 చదరపు మి.మీ. లైనులో 6 బార్ ఉన్నా పోర్టుల్లో (గాలి వచ్చిపోయే రంధ్రాల్లో) నష్టం, ముందు గదిలో ఎదురు ఒత్తిడి పోను సగటున 3.5 బార్ పని చేసిందనుకుందాం. అప్పుడు ఒక్కో దెబ్బకు 10.8 జౌల్స్. 300 గ్రాములైనా 450 గ్రాములైనా అంతే.

మారేది వేగం. 300 గ్రాముల పిస్టన్ సెకనుకు 8.5 మీటర్ల వేగంతో కొడితే 450 గ్రాములది 6.9 మీటర్లతో కొడుతుంది. ముందుకీ వెనక్కీ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి నిమిషానికి దెబ్బలు 18 శాతం పడిపోతాయి, అంటే మొత్తం పవర్ కూడా 18 శాతం తగ్గినట్టే. ద్రవ్యవేగం (బరువు × వేగం) మాత్రం ఒక్కో దెబ్బకు 22 శాతం పెరుగుతుంది. పని తగ్గింది, తన్ను పెరిగింది. పైగా దెబ్బల సంఖ్య తగ్గితే వణుకు ఇంకా తక్కువ ఫ్రీక్వెన్సీకి దిగుతుంది. చేతిని ఎక్కువ బాధపెట్టేదీ, స్ప్రింగులతో ఆపడం కష్టమైనదీ అదే.

వాడేవాడికి "బరువైన దెబ్బ" అనిపిస్తుంది, నిజమే. ఆ అనిపించడమే తన్ను.

#4 కరీంనగర్ క్వారీ

గాలిగది సార్, గట్లయితే పిస్టన్ తేలిక చేసి వేగం పెంచితే అయిపాయె కదా? ఇదే శక్తి, తక్కువ తన్ను. మా గ్రానైట్ క్వారీలో జాక్ హ్యామర్లు నడుస్తయి, మాకు కూడా ఇదే బాధ.

#5 గాలిగది

దారి అదే, కానీ కొంతదూరమే పోగలం. ఒకే మందం ఉన్న రెండు ఉక్కు కడ్డీలు ఢీకొన్నప్పుడు లోపల పుట్టే ఒత్తిడి వేగాన్ని బట్టి ఉంటుంది: సెకనుకు ఒక్కో మీటరుకు సుమారు 20 మెగాపాస్కల్స్. 10 మీటర్ల వేగం అంటే 200. ఒక్క దెబ్బకు ఉక్కు దాన్ని తేలిగ్గా తట్టుకుంటుంది. కానీ సెకనుకు 40 దెబ్బల చొప్పున గంటకు 1,44,000 దెబ్బలు. ఆ లెక్కన ఎక్కడ చిన్న గీత ఉన్నా అక్కడ పగులు మొదలవుతుంది.

అందుకే వేగం 9, 10 దగ్గర ఆపి మిగతా శ్రద్ధ పిస్టన్ తయారీ మీద పెట్టండి. పోర్టు అంచుల్లో బర్ (కోతలో మిగిలే ముల్లు) ఉండకూడదు. గాడి మూలలు పదునుగా వదలకుండా రేడియస్ (గుండ్రం) ఇవ్వాలి. కొట్టే ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండాలి, అప్పుడు ఉలి కాస్త వంకరగా ఉన్నా దెబ్బ మధ్యలోనే పడుతుంది. ఉలి షాంక్ (హ్యామర్‌లోకి దూరే మొదలు) గట్టిదనం పిస్టన్ కన్నా తక్కువ పెట్టండి. అరిగేది ఉలే కావాలి, మార్చడం తేలిక.

ఇంకొకటి, ముందు బుష్ అరిగిపోయిన హ్యామర్‌లో ఎంత మంచి పిస్టన్ వేసినా విరుగుతుంది. ఉలి వాలుతుంది, దెబ్బ అంచు మీద పడుతుంది. విరిగిన పిస్టన్ వెనక్కి వస్తే ముందు బుష్ కొలవండి, స్టీలును తిట్టడం తరవాత.

#6 సింధియా జంక్షన్

విశాఖలో ఓడల రిపేరు పని మాది. తుప్పు, పాత పెయింటు కొట్టడానికి స్కేలింగ్ హ్యామర్లు, నీడిల్ గన్‌లు రోజూ వాడతాం. డిజైను మార్చే ముందు గాలి సంగతి చూసుకోండి. "దెబ్బ చాలట్లేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం హ్యామర్ కాదు, హోసే.

కంప్రెసర్ దగ్గర గేజి 7 చూపిస్తుంది. సన్న హోసులు నాలుగు కలిపి, మధ్యలో కప్లింగులు పెట్టి లాగితే హ్యామర్ దగ్గరికి 5 కూడా రాదు. దెబ్బ శక్తి ఒత్తిడితో పాటు తగ్గుతుంది, దెబ్బల సంఖ్య దాని వర్గమూలంతో తగ్గుతుంది. 6.3 ఉండాల్సిన చోట 5 బార్ ఉంటే పవర్ దాదాపు 30 శాతం పోయినట్టే. మీరు పిస్టన్ బరువు మార్చి ఇచ్చినా కస్టమర్ మళ్ళీ అదే అంటాడు.

రెండోది నీళ్ళు. మా సముద్రపు గాలిలో 30 డిగ్రీల దగ్గర తేమ 80 శాతం ఉన్న రోజు ఒక ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీరుంటుంది. దాన్ని 7 బార్‌కు నొక్కి మళ్ళీ చల్లారిస్తే 20 గ్రాములు నీళ్ళై కిందికి దిగుతాయి. ఇంత హ్యామర్ నిమిషానికి 0.6 ఘనమీటర్లు తాగుతుంది. అంటే గంటకు ముప్పావు లీటరు నీళ్ళు. ఆఫ్టర్ కూలర్ (నొక్కిన గాలిని చల్లార్చేది), డ్రెయిన్ సరిగా లేకపోతే అదంతా మీ సిలిండర్‌లోకే. నూనె కడిగేసుకుపోతుంది, వాల్వు ప్లేటు తుప్పు పట్టి అతుక్కుంటుంది. ఎగ్జాస్ట్ దగ్గర గాలి ఒక్కసారిగా వ్యాకోచించి మంచు కట్టి హ్యామర్ ఆగిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం విశాఖ డాక్‌లో హ్యామర్ నోట్లో మంచు చూసి కొత్త కుర్రాళ్ళు ఆశ్చర్యపోతారు.

#7 బాలానగర్ లేత్

చాలా థాంక్స్ అండి. గాలిగది గారి లెక్క చూశాక 450 గ్రాముల ఆలోచన పక్కన పెట్టేశాను. సింధియా గారూ, పని జరుగుతుండగా హ్యామర్ దగ్గర ఒత్తిడి ఎలా చూడాలి? లైన్ ఆగినప్పుడు గేజి పెడితే పూర్తి ఒత్తిడే చూపిస్తుంది కదా.

#8 సింధియా జంక్షన్

సూది గేజి దొరుకుతుంది. హ్యామర్‌కు అడుగు దూరంలో రబ్బరు హోసులోకి గుచ్చి, హ్యామర్ నడుస్తుండగా చూడాలి. లేదంటే అక్కడ ఒక టీ (మూడు దారుల గొట్టం ముక్క) పెట్టి గేజి బిగించండి. ఆగి ఉన్నప్పటి రీడింగ్ దేనికీ పనికిరాదు.

#9 చేతి వైద్యం

నేను వృత్తి వ్యాధుల డాక్టర్‌ని. జీడిమెట్ల గారు రాసిన లక్షణాలు చదివి ఆగలేకపోయాను.

ఇది కొత్త సంగతి కాదు. ఇటలీలో జొవాన్ని లోరిగా 1911లోనే రాతి పనివాళ్ళ వేళ్ళు తెల్లబడడం గురించి రాశారు. 1918లో ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లో, సున్నపురాయి గనుల దగ్గర గాలి సుత్తులతో చెక్కేవాళ్ళను పరీక్షించారు. ఉలి పట్టుకునే ఎడమచేతి వేళ్ళే ఎక్కువ దెబ్బతిన్నాయని ఆమె గమనించారు. అరవై ఏళ్ళ తరవాత అదే ఊళ్ళో మళ్ళీ పరీక్షిస్తే పరిస్థితి మారలేదు. సుత్తి మారలేదు మరి.

వేళ్ళు తెల్లబడడం చలిలో ఎక్కువ బయటపడుతుంది కాబట్టి మన దగ్గర ఈ జబ్బు లేదనుకుంటారు. అది నిజం కాదు. తిమ్మిరి, స్పర్శ తగ్గడం, పట్టు సడలడం నరాలకు తగిలే దెబ్బ, దానికి చలితో పని లేదు. ముదిరాక వెనక్కి రాదు.

యూరప్‌లో 2002 నాటి నిబంధన ప్రకారం రోజుకు 8 గంటల సగటు వణుకు (త్వరణంగా కొలిచినది) 2.5 మీ/సె² దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 5 దాటకూడదు. 10 మీ/సె² వణుకు ఉన్న హ్యామర్ అరగంట వాడితే మొదటి గీత దాటుతుంది, 2 గంటలకు రెండోదీ దాటుతుంది. అదే 20 ఉంటే ఏడున్నర నిమిషాలకూ, అరగంటకూ. వణుకు సగమైతే వాడదగ్గ సమయం నాలుగు రెట్లవుతుంది. డిజైన్ చేసేవాళ్ళ చేతిలో ఉన్న బలం ఇదే.

#10 జీడిమెట్ల ఫౌండ్రీ

డాక్టర్ గారూ, యాంటీ వైబ్రేషన్ గ్లవ్స్ అని మెత్తటివి తెచ్చి ఇస్తున్నాం. ఉపయోగం ఉందా లేదా సూటిగా చెప్పండి.

#11 చేతి వైద్యం

చేతిని వెచ్చగా ఉంచుతాయి, గాయాల నుంచి కాపాడతాయి. గ్రైండర్ లాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీ పనిముట్లకు కొంత ఉపయోగం. చిప్పింగ్ హ్యామర్ ముఖ్యమైన వణుకు సెకనుకు 40 సార్ల దగ్గర ఉంటుంది, అక్కడ గ్లవ్ ఆపేది దాదాపు ఏమీ లేదు. మందం గ్లవ్ వేసుకుంటే ఇంకా గట్టిగా పట్టుకోవాలి, పట్టు బిగిసేకొద్దీ వణుకు చేతిలోకి ఎక్కువ పోతుంది. గ్లవ్ ఇచ్చాం కదా అని పని గంటలు తగ్గించడం మానేయకండి.

#12 ఆళ్లగడ్డ ఉలి

మా ఊళ్ళో విగ్రహాలు చెక్కేవాళ్ళు ఇప్పుడు చాలామంది గాలి ఉలి వాడుతున్నారు. మావి చిన్నవి, పిస్టన్‌తోనే పోర్టులు తెరుచుకుని మూసుకునే వాల్వు లేని రకం, ఉలి వదులుగా ముందు దూర్చి పెట్టుకుంటాం. మాకు కావాల్సింది గట్టి దెబ్బ కాదు, లొంగే దెబ్బ. కనుబొమ గీసేటప్పుడు గాలి ఒక్కసారి ఫుల్లుగా వస్తే రాయి ముక్క లేచిపోతుంది. ఆ ముఖం మళ్ళీ రాదు.

అందుకని లేత్ గారికి నా మనవి: ట్రిగ్గర్ నొక్కేకొద్దీ గాలి పెరిగేట్టు వాల్వు సూదిలా వాలుగా చేయండి. ఫౌండ్రీలో కూడా ఉలి సరైన చోట ఆనించాక దెబ్బ పెంచుకోవచ్చు. ఎగ్జాస్ట్ గాలి చేతి మీదికి కొట్టకూడదు, పని మీదికీ కొట్టకూడదు. చల్లగాలి వేళ్ళ మీద పడితే తిమ్మిరి త్వరగా వస్తుంది, రాయి మీద పడితే దుమ్ము లేచి ముఖంలోకి వస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేసేది అందరికీ తెలుసు, గ్రానైట్ పనిలో తడి చేయకుండా ఎవరూ చెక్కవద్దు.

#13 గోథెన్‌బర్గ్ తెలుగు

స్వీడన్‌లో పనిముట్ల వైబ్రేషన్ కొలిచే పనిలో ఉన్నాను. లేత్ గారి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడ ఉందని నా నమ్మకం, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

గాలి పిస్టన్‌ను ముందుకు తోసేటప్పుడు అంతే బలంతో సిలిండర్‌ను వెనక్కి తోస్తుంది. 616 చదరపు మి.మీ. మీద 6 బార్ అంటే గరిష్ఠంగా 370 న్యూటన్లు, 37 కిలోల బలం. పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు బలం దిశ మారుతుంది. సెకనుకు 40 సార్లు ఇలా అటూ ఇటూ. మనిషి సగటున 10 కిలోలతో నొక్కుతాడు, ఎందుకంటే 0.3 కిలోలు × 8.5 మీటర్లు × 40 దెబ్బలు కలిపితే సుమారు 100 న్యూటన్లు, అది ఎవరో ఒకరు ఇవ్వాల్సిందే. ఆ సగటును తప్పించుకోలేం. దాని చుట్టూ ఊగే ఊపును మాత్రం చేతికి చేరకుండా ఆపొచ్చు.

అందరూ మొదట చేసేది హ్యాండిల్‌కు, బాడీకి మధ్య స్ప్రింగ్ పెట్టడం. సెకనుకు 40 దగ్గర వణుకు బాగా తగ్గాలంటే స్ప్రింగ్ మీది హ్యాండిల్ సహజ ఫ్రీక్వెన్సీ (వదిలేస్తే తనంతట తాను ఊగే రేటు) సెకనుకు 12 ప్రాంతంలో ఉండాలి. హ్యాండిల్ వైపు ఒక కిలో బరువు కదులుతుందనుకుంటే స్ప్రింగ్ గట్టిదనం మీటరుకు సుమారు 5,700 న్యూటన్లు. మనిషి 100 న్యూటన్లతో నొక్కితే అది 18 మి.మీ. లోపలికి కుంగుతుంది. చేతిలో హ్యామర్ జీవం లేనట్టు ఊగుతుంది, గురి కుదరదు. అది వద్దని మార్కెట్లో చాలామంది గట్టి రబ్బరు బుష్ పెడతారు. కుంగదు, కానీ 40 దగ్గర ఆపేదీ లేదు. కొన్నిసార్లు పెంచుతుంది కూడా.

దీనికి మందు గాలిలోనే ఉంది. పిస్టన్ ఉన్న సిలిండర్‌ను బయటి కేసింగ్‌లో ముందుకూ వెనక్కూ జారేట్టు వదిలేయండి. సిలిండర్ వెనక ఒక పిన్నులాంటి ముక్క చిన్న గదిలోకి వెళ్ళాలి, ఆ గదికి ఎప్పుడూ లైన్ గాలి ఉండాలి. 6 బార్ దగ్గర 100 న్యూటన్లు కావాలంటే 167 చదరపు మి.మీ., అంటే 14.6 మి.మీ. పిన్ను. నొక్కే బలాన్ని గాలే మోస్తుంది, ముందుగా కుంగాల్సిన పని లేదు. ఆ గది పూర్తిగా మూసేసి పొడవు 30 మి.మీ. ఉంచినా గట్టిదనం మీటరుకు 5,400 న్యూటన్ల దగ్గర వస్తుంది. అదే మెత్తటి స్ప్రింగ్, 18 మి.మీ. కుంగుడు లేకుండా. గదిని పెద్ద రంధ్రంతో లైనుకు కలిపి ఉంచితే ఇంకా మెత్తన.

#14 కరీంనగర్ క్వారీ

ఇంత మంచిగుంటే అందరూ ఎందుకు చేస్తలేరు సార్?

#15 గోథెన్‌బర్గ్ తెలుగు

చేసేవాళ్ళు చేస్తున్నారు, యూరప్‌లో నిబంధన వచ్చాక కొనేవాళ్ళు వణుకు అంకె అడగడం మొదలైంది కాబట్టి. భాగాలు పెరుగుతాయి, అర కిలో అటూఇటూ బరువు పెరుగుతుంది, ధర పెరుగుతుంది. స్టోర్స్‌లో ధర ఒక్కటే చూసి కొనేచోట ఇది ఓడిపోతుంది.

కేటలాగు అంకెలు పోల్చేటప్పుడు జాగ్రత్త. పాత ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) 8662 పద్ధతిలో ఒక్క దిశలోనే కొలిచేవారు. ఇప్పుడు ఐఎస్ఓ 28927లో మూడు దిశలూ కలిపి కొలుస్తారు. పాత పద్ధతి అంకె చిన్నగా కనిపిస్తుంది, హ్యామర్ మంచిదని కాదు.

#16 గాలిగది

గోథెన్‌బర్గ్ గారు చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒకటి కలుపుతాను: ఖాళీ దెబ్బలు. ఉలి పని మీద ఆనకుండా ట్రిగ్గర్ నొక్కితే పిస్టన్ బలం అంతా రిటైనర్ మీద, కేసింగ్ మీద పడుతుంది. ఉలి ముందుకు జారినప్పుడు పిస్టన్ కూడా ముందున్న గాలి గదిలోకి దిగి, పోర్టు మూసుకుని పిస్టన్ రాకపోకలు ఆగిపోయేట్టు పోర్టు స్థానం పెట్టండి. ఇది లేని హ్యామర్‌లో రిటైనర్ తెగితే ఉలి బుల్లెట్టులా పోతుంది.

#17 జీడిమెట్ల ఫౌండ్రీ

హ్యాండిల్ గురించి ఇంత మాట్లాడారు, సంతోషం. ఎడమచేతి ఉలి సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

#18 గోథెన్‌బర్గ్ తెలుగు

మీరు అడిగింది న్యాయం. ఉలి మీద వణుకు హ్యాండిల్ మీద కన్నా చాలా ఎక్కువ, ఉలిని మెత్తన చేయలేం, చేస్తే కొట్టదు. అందుకే చేయి ఉలిని తాకకూడదు. రెండు దారులున్నాయి. ఒకటి, కేసింగ్‌ను ముందుకు పొడిగించి ఎడమచేతికి అక్కడ పట్టు ఇవ్వడం. కేసింగ్ ఇప్పటికే వేరుపడి ఉంది కాబట్టి అక్కడ వణుకు తక్కువ. రెండోది, ఉలి మీద వదులుగా తిరిగే గొట్టం, లోపల మందమైన పాలియురెథేన్. ఉలి షాంక్ షడ్భుజంగా పెడితే తిప్పడానికి ఉలిని పట్టుకోవాల్సిన అవసరం కూడా తగ్గుతుంది, హ్యామర్ తిప్పితే ఉలి తిరుగుతుంది.

#19 వేదిక నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఏ కంపెనీ హ్యామర్ కొనాలి అన్న ప్రశ్నలకు వేరే శీర్షిక తెరిచాం, ఇక్కడ డిజైన్ వరకే ఉంచండి.

#20 బాలానగర్ లేత్

అందరికీ నమస్కారం. ఒక నమూనా చేశాం. పిస్టన్ 280 గ్రాములు, స్ట్రోక్ 50 అలాగే. సిలిండర్ కేసింగ్‌లో జారుతుంది, వెనక 15 మి.మీ. పిన్ను. కేసింగ్ ముందుకు పొడిగించి నైలాన్ పట్టు పెట్టాం. ఎగ్జాస్ట్‌ను పక్కకు, కిందికి తిప్పాం. ట్రిగ్గర్ వాల్వు వాలుగా చేశాం, ఆళ్లగడ్డ గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

జీడిమెట్ల అన్నగారి షాపుకే తీసుకెళ్ళి పెట్టాం. మొదట చాలా బాగుంది, కాసేపటికి హ్యాండిల్ మళ్ళీ కొట్టడం మొదలైంది. ఆపి, మళ్ళీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. పిన్నుకు ఒక ఓ-రింగ్ (రబ్బరు వలయం) వేశాం, గాలి పోకుండా. ఎక్కడ చూడాలి?

#21 జీడిమెట్ల ఫౌండ్రీ

బాగున్నంతసేపు మా కుర్రాడు చెప్పింది రాస్తున్నా: "ఇది చేతిలో ఉందా లేదా అన్నట్టుంది సార్." లేత్ గారూ, వదలకండి.

#22 గాలిగది

ఓ-రింగ్ తీసేయండి. వేడెక్కి ఉబ్బుతోంది, నూనె తగిలి ఇంకా ఉబ్బుతోంది, పిన్నును పట్టేస్తోంది. పిన్ను పట్టేసిన క్షణం గాలి స్ప్రింగ్ లేనట్టే, సిలిండర్, కేసింగ్ ఒకటే ముక్క అయిపోతాయి. ఆపినప్పుడు ఒత్తిడి పోయి వదులుతుంది, అందుకే మళ్ళీ కాసేపు బాగుంటోంది.

పిన్నును, దాని బుష్‌ను గట్టిపరచి, హోనింగ్ చేసి (రాతితో నున్నగా రుద్ది), క్లియరెన్స్ మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంచండి. కొంచెం గాలి లీకవుతుంది, అవనివ్వండి. ఆ లీకుతో పాటే లూబ్రికేటర్ (గాలిలో నూనె కలిపేది) నూనె పిన్ను చుట్టూ తిరుగుతుంది. పిన్ను మీద సన్నటి గాడులు రెండు మూడు తిప్పితే ఒత్తిడి చుట్టూ సమానంగా ఉండి పిన్ను ఒక పక్కకు ఒరగదు.

#23 బాలానగర్ లేత్

ఓ-రింగ్ తీసి, గాడులు తిప్పి, బుష్ మళ్ళీ హోన్ చేసి పెట్టాం. లీకు చప్పుడు కొద్దిగా వినిపిస్తోంది. షిఫ్టు మొత్తం నడిచినా పట్టేయలేదు. సూది గేజితో హ్యామర్ దగ్గర చూస్తే 5.2 బార్ ఉంది, వాళ్ళ హోస్ మార్పించే పని సింధియా గారు చెప్పినట్టు ఇప్పుడు పెట్టుకున్నాం.

గోథెన్‌బర్గ్ గారూ, మూడు దిశల్లో కొలవడానికి యాక్సెలెరోమీటర్‌ను (వణుకు కొలిచే సాధనాన్ని) హ్యాండిల్ మీద ఎక్కడ బిగించాలో ఒక బొమ్మ గీసి పెట్టగలరా? కేసింగ్ ముందు పట్టు మీద కూడా కొలవాలి, ఎడమచేయి ఉండేది అక్కడే.